"సముద్ర మొసళ్ల పళ్లు" అని వచ్చిన పెట్టె: ఏది దేనిదో ఎలా తేల్చాలి? తెల్లపొడి, విరిగిన పన్ను సంగతేంటి?

హన్మకొండ_ల్యాబ్:

అందరికీ నమస్తే. మా బడి సైన్స్ ల్యాబుకు శిలాజ పళ్ల పెట్టె ఒకటి విరాళంగా వచ్చింది. మొత్తం 9 పళ్లు. పెట్టె మీద "సముద్ర మొసళ్ల పళ్లు" అని ఒకే చీటీ ఉంది. లోపల ఒక్కోదానికీ చిన్న కాగితం ఉంది:

1 నుంచి 5 వరకు: మొరాకో, ఖురిబ్గా. వీటిలో 5వది లేత పసుపు ఇసుక ముద్దలో కూర్చుని ఉంది, పక్కన చిన్న చిన్న పళ్లు కూడా కనిపిస్తున్నాయి.
6: జర్మనీ, డైటింగ్.
7: జర్మనీ, ష్నైట్‌హైమ్.
8: ఇంగ్లండ్, కిమ్మెరిడ్జ్ క్లే. దీని మీద తెల్లని పొడి పడుతోంది, తుడిస్తే మళ్లీ వస్తోంది.
9: "గోదావరి, చెన్నూరు వైపు" అని మాత్రమే ఉంది.

3వ పన్ను మధ్యలో అడ్డంగా రెండు ముక్కలైంది. ల్యాబులో 10 రెట్ల చేతి లెన్సు, డిజిటల్ వెర్నియర్, యూఎస్‌బీ మైక్రోస్కోపు ఉన్నాయి. అడగదల్చుకున్నవి నాలుగు: ఇవన్నీ నిజంగా సముద్ర మొసళ్లవేనా? పొడి ఎందుకు వస్తోంది? 3ని దేంతో అతికించాలి? 9వ దాన్ని చూపించి "మన గోదావరి లోయలో ఒకప్పుడు సముద్ర మొసళ్లు ఉండేవి" అని పిల్లలకు చెప్పొచ్చా?

పొరలపుస్తకం:

పెట్టె మీది చీటీని ముందు పక్కన పెట్టండి. అమ్మేవాళ్లు "సముద్ర మొసలి" అనే ఒక్క పేరు కింద రెండు వేరే వంశాలను కలిపేస్తారు. వాటి మధ్య కోట్ల ఏళ్ల ఎడం ఉంది.

మొదటిది థలాటోసూకియా. జురాసిక్ (సుమారు 20 నుంచి 14.5 కోట్ల ఏళ్ల కిందటి కాలం) తొలి రోజుల్లో మొదలై, దాని తర్వాతి క్రెటేషియస్ (6.6 కోట్ల ఏళ్ల కిందటి వరకు) తొలి భాగంలో అంతరించింది. ఇందులో పొడుగు మూతి టీలియోసారాయిడ్లు ఒక శాఖ, మెట్రియోరింకిడ్లు ఇంకో శాఖ. ఈ రెండో శాఖవి ఒంటి మీది ఎముక పలకలు పోగొట్టుకుని, కాళ్లు తెడ్లుగా మారి, తోక చివర రెక్క పెరిగి, పూర్తిగా నీటి జంతువులైపోయాయి. మీ 6, 7, 8 కాగితాల మీదున్న చోట్లు ఈ వంశానికి పేరున్నవే. రెండోది డైరోసారిడ్లు. ఇవి క్రెటేషియస్ చివర్లో కనిపిస్తాయి, డైనోసార్లను తుడిచిపెట్టిన 6.6 కోట్ల ఏళ్ల నాటి దెబ్బను తట్టుకుని ఇయోసీన్ (సుమారు 5.6 నుంచి 3.4 కోట్ల ఏళ్ల కిందటి కాలం) దాకా వచ్చాయి. ఖురిబ్గా ఫాస్ఫేట్ గనుల నుంచి బయటికొచ్చే మొసలి పళ్లు ఎక్కువగా వీటివే. మన ముగ్గర్ మొసలికి ఈ రెండు వంశాలూ తాతముత్తాతలు కావు, పక్క కొమ్మలు మాత్రమే.

ఇక పన్ను చూసే పద్ధతి. టేబుల్ లైటును పన్ను ఎత్తుకు దించి, పక్క నుంచి వాలుగా వెలుతురు పడేలా పెట్టండి. పై నుంచి వెలుతురు పడితే ఎనామెల్ మెరుపులో సన్న గీట్లు మాయమవుతాయి. లెన్సుతో ఈ వరుసలో చూడండి.

అడుగు భాగం మొదట. మొసలి వర్గానికి పాత పన్ను కిందే కొత్తది పుడుతుంది, పాతదాని వేరును లోపల్నుంచి కరిగించుకుంటూ పైకి వస్తుంది. అందుకే ఊడిపోయిన మొసలి పన్నుకు వేరు ఉండదు, అడుగున కప్పులా గుంట ఉంటుంది, గోడలు అంచు దగ్గర పలచబడతాయి. అడుగున గుంట లేకుండా ఉబ్బెత్తుగా, ఎముకలా రంధ్రాలున్న లావాటి వేరు అంటుకుని ఉంటే అది మోససార్, అంటే సముద్రపు బల్లి జాతి. మొరాకో పెట్టెల్లో "మొసలి" అని వచ్చే పళ్లలో చాలావాటి సంగతి ఇదే. వేరు విరిగిపోయిన మోససార్ పన్ను అయితే ఇబ్బందే. అప్పుడు అడ్డుకోత చూడాలి: మోససారస్‌కు ఒక వైపు చదునుగా పలకలు పలకలుగా, మరో వైపు ఉబ్బెత్తుగా ఉంటుంది.

రెండోది నిలువు అంచు, అదే కెరీనా. మొన నుంచి అడుగు దాకా ముందూ వెనకా ఎదురెదురుగా సన్నని గట్టులు ఉన్నాయా? డైరోసారిడ్‌కు ఉంటాయి. ప్లీసియోసార్ (తెడ్డు కాళ్ల సముద్ర సరీసృపం, మొసలి కాదు) పన్నుకు మామూలుగా ఉండవు. అది సన్నగా, వంపు తిరిగి, గుండ్రటి అడ్డుకోతతో, గీట్లతో ఉంటుంది, వేరు దొరికితే చాలా పొడుగు. మొరాకోలో డైరోసారిడ్‌కూ ప్లీసియోసార్‌కూ మధ్య పొరపాటు తరచూ జరుగుతుంది. విడగొట్టేది ఆ అంచే.

మూడోది రంపపు పళ్లు. ఇక్కడ తొందర పనికిరాదు. అంచు మీదే విడివిడి దంతెలు, వాటి మధ్య చీలికలు ఉంటే అది నిజమైన రంపం. అలా కాకుండా పన్ను ఒంటి మీది గీట్లు అంచు దాకా వచ్చి దాన్ని గరుకుగా చేస్తే అది దొంగ రంపం. చేతి లెన్సుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. యూఎస్‌బీ మైక్రోస్కోపు కింద గీటు ఎక్కడ మొదలైందో వెనక్కి పట్టుకుంటూ పోతే తేడా తెలిసిపోతుంది. ఈ తేడాను మొసలి పళ్ల విషయంలో స్పష్టంగా విడమరిచిన పరిశోధనల్లో ఒకటి మన వికారాబాద్ దగ్గరి నస్కల్ పళ్ల మీద 2002లో అచ్చయినదే.

ఇక చోటును బట్టి. డైటింగ్ అంటే బవేరియా సున్నపురాయి, జురాసిక్ చివరిది. అక్కడి పేరున్న జంతువు జియోసారస్. పన్ను కత్తిలా పలచగా ఉంటుంది, చెంప వైపు మూడు చదును ముఖాలు, అంచు దంతెలు మైక్రోస్కోపుకు మాత్రమే అందేంత చిన్నవి. ష్నైట్‌హైమ్‌లో రెండు రకాలు ఎదురుచూడొచ్చు: డాకోసారస్, మకిమోసారస్. డాకోసారస్‌ది పెద్ద పన్ను, బలంగా పక్కలకు నొక్కినట్టు ఉంటుంది, దంతెలు జియోసారస్ కంటే పెద్దవి. చాలాకాలం ఇలాంటి పళ్లను వేటాడే డైనోసార్ పళ్లని అనుకునేవాళ్లు, అనుకోవడంలో వింత లేదు. మకిమోసారస్‌ది మొద్దు పన్ను: పొట్టి, గుండ్రటి అడ్డుకోత, ఒత్తుగా గీట్లు, మొన దగ్గర ఆ గీట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వలలా అవుతాయి. కరకరలాడే తిండికి పెట్టిన పన్ను అది. తాబేలు డిప్పల మీద దాని గాట్లు దొరికాయి.

కిమ్మెరిడ్జ్ క్లే అయితే ఒక చిక్కు. మొద్దు పన్ను మకిమోసారస్‌ది కావొచ్చు, మెట్రియోరింకిడ్ అయిన టోర్వోన్యూస్టిస్‌ది కూడా కావొచ్చు. రెండోదానికి వంపు ఎక్కువ, కెరీనాలు స్పష్టం. మొదటిదానికి కెరీనా బలహీనంగా ఉంటుంది లేదా కనిపించదు.

కొలతలు పెట్టండి: మొన నుంచి ఎనామెల్ అడుగు దాకా ఎత్తు, అడుగున ముందు-వెనక వెడల్పు, అడుగున చెంప-నాలుక మందం. వెర్నియర్ ఉక్కు దవడలకు ఒక పొర సెల్లోటేపు చుట్టి ఆ తర్వాతే సున్నా సరిచేసుకోండి. లేకపోతే ఎనామెల్ అంచు రాలుతుంది.

ఆరో_నంబర్_బ్రష్:

5 గురించి ఒక మాట. ఇసుక ముద్దలో కూర్చున్న మొరాకో పన్ను అంటే అనుమానంతోనే మొదలుపెట్టాలి. అసలు పళ్లనే, కానీ వేరువేరు జంతువులవి తెచ్చి, ఫాస్ఫేట్ ఇసుకలో జిగురు కలిపి ముద్ద చేసి గుచ్చుతారు. పన్ను అసలుదే, కూర్పు అబద్ధం.

చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేయండి. జిగురు, రెసిన్ నీలి తెలుపులో వెలుగుతాయి, రాయి అలా వెలగదు. పన్ను చుట్టూ ఉంగరంలా వెలిగితే గుచ్చినదే. తర్వాత ముద్ద వెనక వైపు అసిటోన్‌లో తడిపిన దూది పుల్లతో ఒక మూల రుద్దండి. ఇసుక మెత్తబడి జిగటగా పుల్లకు అంటితే తేలిపోయినట్టే. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో నూనె, నీళ్లు, అత్తరు ఉంటాయి.

పక్కన ఉన్నాయన్న చిన్న పళ్లు అసలు విలువైన సాక్ష్యం. అవి సొర పళ్లయితే వయసు చెప్పేస్తాయి. ఒక వైపు వంగి అంచంతా రంపంలా ఉన్న వెడల్పు పన్ను స్క్వాలికొరాక్స్, అంటే క్రెటేషియస్ పొర. అంచు నునుపుగా, ప్రధాన మొన పక్కన రెండు చిన్న మొనలున్నది ఓటోడస్ అబ్లిక్వస్, అంటే క్రెటేషియస్ తర్వాతి పేలియోసీన్, ఇయోసీన్. ఒకే ముద్దలో రెండూ కనిపిస్తే ఆ ముద్ద బజారులో పుట్టింది.

గాజుసీసా:

8 మీది పొడి సంగతి ముందు చూడండి, మిగతావి ఆగుతాయి, అది ఆగదు. తెల్లపొడికి నాలుగు కారణాలు ఉంటాయి, ఒక్కోదానికి వైద్యం వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే పన్ను పోతుంది.

పీహెచ్ కాగితాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, ఆ పొడి రవ్వంత దాని మీద వేయండి. పన్నును తడపొద్దు. ఎర్రబడి 1 నుంచి 3 మధ్య చూపిస్తే పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) కుళ్లు. రంగు మారకుండా పొడి నీటిలో కరిగిపోతే ఉప్పు. నీటిలో కరగక అసిటోన్‌లో కరిగితే ఎప్పుడో ఎవరో పూసిన పాత జిగురు. లెన్సు కింద దారాలు దారాలుగా కనిపిస్తే బూజు.

కిమ్మెరిడ్జ్ క్లే అన్నారు కాబట్టి పైరైటే అయ్యుండే అవకాశం ఎక్కువ. ఆ బంకమట్టిలో పాతుకున్నవాటి రంధ్రాల్లో సన్నని పైరైటు పెరిగి ఉంటుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే అది ఆక్సిజన్‌తో కలిసి ఇనుప సల్ఫేటు, గంధకామ్లం అవుతుంది. కొత్త లవణానికి పాతదాని కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే పన్ను లోపల్నుంచి పగులుతుంది. ఆమ్లం ఎనామెల్‌ను, కింద పెట్టిన కాగితాన్ని కూడా తింటుంది. ఆ పన్ను కాగితం అంచులు గోధుమరంగుకు తిరిగి పెళుసయ్యాయేమో చూడండి. వరంగల్‌లో జూలై, ఆగస్టుల్లో గదిలో తేమ 80 శాతం దాకా పోతుంది. అల్మారా తలుపు వేయడం దానికి జవాబు కాదు.

చేయాల్సింది: పొడి బ్రష్‌తో, మెత్తని వెంట్రుకలది, పొడిని కాగితం మీదికి దులపండి. కడగొద్దు, తుడవొద్దు, నూనె రాయొద్దు. పైన వార్నిష్ పూస్తే లోపలి తేమ లోపలే బందీ అవుతుంది, కుళ్లు ఆగదు. గట్టిగా మూసుకునే పాలీప్రొపిలీన్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టండి. 5 లీటర్ల డబ్బాకు 100 గ్రాముల జెల్ చాలు. నారింజ రంగు సూచిక ఉన్న రకం తీసుకోండి, నీలిది కోబాల్టుతో చేసింది, బడిలో వద్దు. 200 రూపాయల్లోపు దొరికే చిన్న హైగ్రోమీటరును లోపల పెట్టి, లెక్క 45 శాతం కంటే తక్కువగా ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారితే ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, వేడిది పెడితే పన్ను ఎనామెల్ పగుళ్లిస్తుంది.

టేకు పెట్టె, ప్లైవుడ్ అల్మారా వద్దు. చెక్క నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. నాఫ్తలీన్ గుళికలు, న్యూస్‌పేపరు చుట్టడం కూడా వద్దు. టీవీ డబ్బాల్లో వచ్చే మెత్తగా వంగే తెల్ల ఈపీఈ (పాలీఇథిలీన్) ఫోమ్ మంచిది.

ఇక 3. ఫెవిక్విక్ వద్దు, సర్దుకోవడానికి సమయం ఇవ్వదు, ఏళ్లు గడిస్తే పెళుసై పసుపెక్కుతుంది. ఫెవికాల్ కూడా వద్దు, అందులోని నీరు డెంటిన్‌లోకి (ఎనామెల్ కింది పొరలోకి) దిగుతుంది. వాడాల్సింది పారలాయిడ్ బి-72, గుళికల రూపంలో దొరికే యాక్రిలిక్ రెసిన్, అసిటోన్‌లో కరుగుతుంది, ఎప్పుడైనా అదే అసిటోన్‌తో విప్పొచ్చు.

ముందు పలచ ద్రవం: 100 మిల్లీలీటర్ల అసిటోన్‌కు 5 గ్రాముల గుళికలు. గుళికలను నేరుగా సీసాలో పోస్తే అడుగున ముద్ద కట్టి గంటలకొద్దీ కలపాల్సి వస్తుంది. పలచటి మల్లు గుడ్డలో మూటకట్టి, సీసా మూతకు దారంతో వేలాడదీసి, ద్రవం పైభాగంలో మునిగేలా రాత్రంతా వదలండి. కరిగిన రెసిన్ బరువుగా కిందికి దిగుతుంటుంది, దానంతటదే కలుస్తుంది. గాజు సీసా వాడండి. పారదర్శకమైన పాలీస్టైరీన్ డబ్బాలు అసిటోన్‌లో కరిగిపోతాయి. గ్యాస్ స్టవ్, బున్సెన్ బర్నర్ ఉన్న గదిలో ఈ పని చేయకూడదు.

విరిగిన రెండు ముఖాలనూ పొడి బ్రష్‌తో దులిపి, పలచ ద్రవాన్ని చుక్కచుక్కగా తాగించండి. ఎక్కడైతే ఇక తాగదో, పైన మెరుపు నిలబడుతుందో, అక్కడ ఆపండి. మొసలి పన్ను డెంటిన్ ఒక శంకువులో ఇంకో శంకువు పెట్టినట్టు పొరలుగా పెరుగుతుంది, విరిగినప్పుడు ఆ పొరలు వదులవుతాయి. ఈ ద్రవం వాటిని పట్టి ఉంచుతుంది. ఒక రోజు ఆరనిచ్చాక చిక్కటి జిగురు: అదే రెసిన్ బరువు ప్రకారం 40 నుంచి 50 శాతం, తేనెలా సాగాలి. ఒక ముఖానికే సన్నగా రాసి, మొన పైకి వచ్చేలా ఇసుక పోసిన గిన్నెలో నిలబెట్టండి. అతుకు అడ్డంగా ఉండాలి, పై ముక్క బరువే దాన్ని నొక్కిపెడుతుంది. 24 గంటలు ముట్టుకోవద్దు. బయటికి పొంగిన జిగురును తడిగా ఉన్నప్పుడు తుడిస్తే గీట్లలోకి పోతుంది, సగం ఆరి రబ్బరులా అయ్యాక చెక్క పుల్లతో ఎత్తండి.

ఇక్కడి ఎండల వల్ల ఒక చిక్కు. బి-72 మెత్తబడడం మొదలయ్యేది 40 డిగ్రీల దగ్గర. మే నెలలో వరంగల్‌లో బయట 44 దాటుతుంది, పైకప్పు కింది గదిలో అల్మారా కూడా అంతే. అతుకు మెల్లగా జారుతుంది, నిలబెట్టిన పన్ను వంగిపోతుంది. ఎండాకాలం గది చల్లగా ఉండదనుకుంటే అతుకుకు పారలాయిడ్ బి-44 వాడండి, అది 60 డిగ్రీల దాకా ఆగుతుంది. లేదా బి-72తోనే అతికించి పన్నును పడుకోబెట్టి దాచండి.

వాన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. అసిటోన్ ఆవిరవుతూ పన్ను ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద దిగి పూత పాలలా తెల్లబడుతుంది. అలా అయితే పొడి రోజు చూసుకుని అసిటోన్ బ్రష్ ఒకసారి తిప్పితే పోతుంది.

చెన్నూరు_గట్టు:

సార్, ఆ తొమ్మిదో పన్నును ముందు తేల్చుకోర్రి. గోదారి ఇసుకల దొరికినయన్ని శిలాజాలు కావు. మంథని అవుతల శివ్వారం మడుగులల్ల ఇప్పటికి ముగ్గర్ మొసళ్లున్నయ్, అందుకే అక్కడ అభయారణ్యం పెట్టిన్రు. వాటి పళ్లు ఊడి ఇసుకల పడ్తయ్, ఇనుప మరక పట్టి నల్లగ, ఎర్రగ అయితయ్. చూసెటోళ్లకు కోట్ల ఏండ్లదనిపిస్తది.

చూసే తీరు: లైటుకు అడ్డం పెడితే మొన దగ్గర వెలుగు తోసుకొస్తదా? విరిగిన చోట లోపల పాలరంగు, బయట మాత్రమే మరక ఉన్నదా? చేతుల తేలికగ ఉన్నదా? ఇవి మూడు ఔనంటే కొత్త పన్నే. ఇంకా అనుమానముంటే సూది ఎర్రగ కాల్చి అడుగు లోపలి గోడకు ఒక్క చుక్కంత ఆనించుర్రి. వెంట్రుక కాలిన వాసనొస్తే లోపల కొల్లాజెన్, అంటే పన్నుల ఉండే ప్రొటీను, ఇంకా ఉన్నట్టే. శిలాజానికి ఆ వాసన రాదు. ఎనామెల్ మీద పెట్టకుర్రి, మచ్చ పోదు.

కొత్తదని తేలితే దాచుకోకుర్రి. ముగ్గర్ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్ల ఉన్నది, పన్ను దగ్గర పెట్టుకున్నా నేరమే. అటవీ రేంజ్ ఆఫీసుకు కాగితం రాసి అప్పజెప్తే అయిపోతది.

పొరలపుస్తకం:

చెన్నూరు_గట్టు చెప్పింది చేశాకే 9 గురించి మాట్లాడాలి. అది శిలాజమే అని తేలిందనుకుందాం. అయినా సముద్రపు కథ అల్లొద్దు.

వరంగల్ ఊరి కింద ఉన్నది గ్రానైటు, నైసు. వాటిలో శిలాజాలుండవు. భూపాలపల్లి దాటి చెన్నూరు, భీమారం, ఆసిఫాబాద్ వైపు పోతే ప్రాణహిత-గోదావరి లోయ గోండ్వానా (దక్షిణ ఖండాలన్నీ ఒక్కటిగా ఉన్న కాలపు) పొరలు వస్తాయి. అక్కడ పళ్లకు పేరున్నవి రెండు. మలేరి పొర, ట్రయాసిక్ (జురాసిక్‌కు ముందటి కాలం) చివరిది, ఎర్ర బంకమట్టి. ఇందులో పారాసూకస్ హిస్లోపి అనే ఫైటోసార్ దొరికింది. 1885లో శిలాజ శాస్త్రవేత్త లిడెకర్ పెట్టిన పేరు, ఈ ప్రాంతపు శిలాజాలు సేకరించిన స్టీఫెన్ హిస్లాప్ మీద. చూడ్డానికి అచ్చం మొసలి, కానీ మొసలి కాదు, ముక్కు రంధ్రాలు మూతి చివర కాకుండా కళ్లకు ముందు ఉంటాయి. ఫైటోసార్ పళ్లు మూతి ముందు భాగంలో గుండ్రటి శంకువులు, వెనక భాగంలో పక్కలకు నొక్కిన రంపపు పళ్లు. ఒకే జంతువుకు రెండు రకాలు. అందుకే ఒక్క పన్ను చేతిలో పట్టుకుని మెట్రియోరింకిడ్ అనేయడం ఎంతో సులువు, అంతే తప్పు.

రెండోది కోట పొర, జురాసిక్. బారపాసారస్, కోటాసారస్ అనే పొడుగు మెడ డైనోసార్లు వచ్చింది దీన్నుంచే. యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది, పిల్లల్ని తీసుకెళ్లదగ్గ చోటు. ప్రాణహిత అవతలి ఒడ్డున సిరొంచ వైపున్న కోట ఊరి దగ్గర దొరికిన మొసలి వర్గపు అవశేషాల మీద ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1852లోనే ఒక నోట్ అచ్చేశాడు, వాటిని టీలియోసార్ల వైపు పెట్టారు. ఈ మాట వినగానే "అయితే సముద్రమే కదా" అనిపిస్తుంది. కాదు. టీలియోసారాయిడ్లు మంచినీటిలోనూ బతికాయి. థాయ్‌లాండ్‌లోని ఫూ క్రదుంగ్ పొర నదులు, చెరువులది, అందులోంచి ఇండోసైనోసూకస్ అనే టీలియోసారాయిడ్‌కు 2019లో పేరు పెట్టారు. జంతువు వంశం పేరు చూసి నీరు ఉప్పదో తియ్యదో తేల్చలేం. దాన్ని చెప్పాల్సింది రాయి, అందులోని తోటి శిలాజాలు. మీ 9కి ఆ రెండూ లేవు. నది ఇసుక మలేరినీ కోటనూ కలిపేస్తుంది.

అందుకని దాని చీటీ మీద "సరీసృప దంతం, గోదావరి ఇసుక, చెన్నూరు వైపు, పొర తెలియదు" అంతే రాయండి. ఎవరైనా రాతిలో ఉన్న పన్ను చూపిస్తే తవ్వకుండా ఫోన్‌తో జీపీఎస్ అంకెలు, స్కేలు పెట్టిన ఫోటో తీసుకుని హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) దక్షిణ ప్రాంత కార్యాలయానికి రాయడమే సరైన పని. పొరలో ఉన్న ఒక పన్ను, పొర తెలియని పది పళ్ల కంటే పనికొస్తుంది.

హన్మకొండ_ల్యాబ్:

చెప్పినవన్నీ చూశాం. కొలతలు ఎత్తు, అడుగు వెడల్పు, మందం వరుసలో, మి.మీ. లో:

1: 34, 11, 10. రెండు అంచులు ఎదురెదురుగా, అడుగున గుంట, దాదాపు నునుపు.
2: 28, 8, 8. అంచు కనిపించలేదు, గీట్లు ఒక వైపు ఎక్కువ, వంపు బాగా ఉంది.
3: (రెండు ముక్కలు కలిపి) 31, 11, 10. 1 లాగే.
4: 30, 17, 14. అడుగున గుంట లేదు, లావాటి రంధ్రాల వేరు.
5: యూవీలో పన్ను చుట్టూ ఉంగరం వెలిగింది. ముద్దలో పక్క మొనలున్న నునుపు సొర పన్ను ఒకటి, రంపపు అంచుది ఒకటి.
6: 24, 13, 7. ఒక వైపు మూడు చదును ముఖాలు.
7: 22, 15, 15. మొద్దు మొన, మొన దగ్గర గీట్లు వలలా.
8: 19, 11, 10. పీహెచ్ కాగితం 2. కాగితం అంచు నిజంగానే కాలినట్టుంది. పన్ను వంపుగా ఉంది, అంచులు స్పష్టం.
9: వెలుగు తోసుకురావడం లేదు, బరువుగా ఉంది, వాసన రాలేదు. పక్కలకు నొక్కినట్టు ఉంది, మైక్రోస్కోపులో విడివిడి దంతెలు.

1, 3 మీద "డైరోసారస్ ఫాస్ఫాటికస్" అని రాయొచ్చా? 6ని "జియోసారస్ జైగాంటియస్" అనొచ్చా?

పొరలపుస్తకం:

1, 3 మీద "డైరోసారిడే" అనే కుటుంబం పేరు దగ్గరే ఆపండి. జాతి పేర్లు పుర్రె, మూతి ఎముకల మీద పెట్టినవి, ఊడిన పన్ను మీద కాదు. పైగా ఒకే దవడలో ముందు పన్ను సన్నగా, వెనక పన్ను పొట్టిగా ఉంటుంది. 2 ప్లీసియోసార్, 4 మోససార్. ఇవి మొసళ్లు కావు, పెట్టెలోంచి తీయక్కర్లేదు, పక్కపక్కన పెడితే పిల్లలకు తేడా చూపించడానికి అంతకంటే మంచి జత దొరకదు. 5 కూర్చిన ముద్ద. రెండు కాలాల సొర పళ్లు అందులోనే ఉన్నాయి. నకిలీ ఎలా తెలుసుకోవాలో చూపించడానికి అలాగే ఉంచండి.

6 విషయంలో నేను కాస్త ధైర్యం చేస్తాను. డైటింగ్, మూడు ముఖాలు, 13కి 7 మందం. అంచు దంతెలు మైక్రోస్కోపులో కనిపిస్తే "జియోసారస్" దాకా రాయొచ్చు, జాతి వద్దు. 7 మకిమోసారస్, ఇక్కడ ప్రజాతి పేరు రాయడానికి వెనకాడను, ఆ మొన అంత తేలిగ్గా ఇంకొకరిది కాదు. 8 వంపు, అంచులు చూస్తే టోర్వోన్యూస్టిస్ వైపు మొగ్గుతోంది. మొన దగ్గర గీట్లు వలలా ఉన్నాయో లేదో పొడి దులిపాక చూడండి, అప్పటిదాకా "మెట్రియోరింకిడే" అనే కుటుంబం పేరే రాయండి. 9 ఫైటోసార్ వెనక పన్ను కావొచ్చు. ముందు చెప్పిన చీటీ మాటలకు ఇది కలిపితే "కావొచ్చు" అన్నది కూడా దాని మీద ఉండాలి.

ఆరో_నంబర్_బ్రష్:

ఫోటోలు ఇక్కడ పెడితే ఆరు వైపులూ తీయండి: చెంప, నాలుక, ముందు, వెనక, మొన పై నుంచి, అడుగు. ఉబ్బెత్తు వైపు చెంపది, లోపలికి వంగిన వైపు నాలుకది. ఫ్లాష్ వద్దు. లైటుకు అడ్డంగా బటర్ పేపర్ పెడితే ఎనామెల్ మెరుపు తగ్గుతుంది. స్కేలును టేబుల్ మీద పడేయకుండా పన్ను మధ్య ఎత్తుకు లేపి పెట్టండి. కింద పెడితే స్కేలు కెమెరాకు దూరమై చిన్నగా పడుతుంది, దానితో కొలిచినప్పుడు పన్ను ఉన్నదాని కంటే పెద్దదిగా లెక్కకొస్తుంది. ఫోన్‌ను చేత్తో పట్టుకుంటే దంతెలు చెదురుతాయి, రెండు పుస్తకాల మధ్య ఆనించి టైమర్ పెట్టండి.

గాజుసీసా:

పీహెచ్ 2 అంటే పైరైటే, అనుమానం లేదు. 8ని మిగతావాటితో ఒకే డబ్బాలో పెట్టొద్దు, దాని ఆమ్లం పక్కవాటికీ, ముఖ్యంగా 6, 7ల సున్నపురాయి మట్టికీ సోకుతుంది. దానికి సొంత డబ్బా, సొంత జెల్. కాలిన పాత కాగితాన్ని పారేయకండి, అదొక్కటే ఆ పన్ను ఊరు చెప్పే ఆధారం. ఫోటో తీసి, విడిగా జిప్ కవర్లో వేసి, పన్నుకు తాకకుండా ఫైల్లో పెట్టండి. కొత్త చీటీ పెన్సిల్‌తో రాయండి, ఆమ్లానికి బాల్‌పెన్ సిరా వెలిసిపోతుంది.

అమ్మోనియా ఆవిరితో పైరైటు ఆమ్లాన్ని చంపే పద్ధతి ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. అది ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఉన్న ల్యాబులో, చేయి తిరిగినవాళ్లు చేసే పని. బడిలో వద్దు. జెల్ డబ్బాలో నెల ఉంచి, ఆ తర్వాత ఫోమ్ మీద కొత్త పొడి రాలిందేమో చూడండి. రాలకపోతే అలాగే కొనసాగించండి. రాలితే జెల్ రెట్టింపు చేసి డబ్బా మూత రబ్బరు సరిగ్గా పడుతోందో లేదో చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.